బండిదారిలో కాలక్షేపం

నరసరావుపేట నుంచి కోటప్పకొండ సుమారు 13 కిలోమీటర్ల దూరం. ఈ రోజున మోటారు వాహనంలో అరగంటలో చేరవచ్చు. మా తాతగారి కాలంలో శివరాత్రి తిరునాళ్ళకు దూరపు పల్లెలనుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవారికి దారిలోనే ఒక రాత్రి గడిచేది, మరీ దూరమైతే రెండు రాత్రులు గడిచేవి. ఎద్దు గంటకు రెండు మూడు మైళ్ళకు మించి నడవదు. గూడుబండిలో గడ్డి పరిచి, దానిమీద జంపఖానా వేసి, ఇద్దరు ముసలమ్మలు, చంటిబిడ్డతో ఒక తల్లి, నలుగురైదుగురు పిల్లలు, వంటసామాను, నీళ్ళకుండ, ఎద్దులకు చొప్ప, ఇన్నింటినీ ఎక్కించేవారు. బండి కింద లాంతరు ఊగుతూ ఉండేది. ఎద్దుల మెడలో మువ్వలు మోగుతూ ఉండేవి. రేగడినేలలో బండిచాళ్ళు పడిన దారి. కదిలితే పక్కవాని మోచెయ్యి తగిలేటంత ఇరుకు.

ఇంతమంది ఇంత ఇరుకులో ఇన్ని గంటలు ఏ విధంగా పొద్దుపుచ్చినారు? ఈ ప్రశ్న నాకు ఇటీవల కలిగింది. ఎందుకు కలిగిందో కొంచెం తరువాత మనవి చేస్తాను.

ఈ మధ్య మన పట్టణాల కుటుంబాలలో ఒక కొత్త సరదా బయలుదేరింది. జీపులాంటి బండిలో గుడారమూ, పొయ్యీ, పరుపులూ వేసుకొని, తారురోడ్డు విడిచి, డొంకదారులు పట్టి, రెండు మూడు రోజులు కొండల వెంట, వాగుల వెంట తిరిగి రావడం. సరదా మంచిదే. కాని బయలుదేరిన రెండు గంటలలో ఒక చిక్కు వస్తుంది. కొండపక్కకు పోయేసరికి చేతిలోని ఫోనులకు సంకేతాలు అందవు. అంతవరకు తలవంచుకొని కూర్చున్న పిల్లలు తలలెత్తుతారు. ఎత్తి, ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇంకా ఎంత దూరం?" పావుగంటకొకసారి ఆ ప్రశ్న వినవచ్చేసరికి తండ్రికి విసుగు, తల్లికి తలనొప్పి. వినోదానికని బయలుదేరిన ప్రయాణం ఓర్పుకు పరీక్షగా పరిణమిస్తుంది.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. దీనికి మన సాహిత్యంలో ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. మధిర సుబ్బన్న దీక్షితులవారు 12 భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలను మీలో పెద్దవారు చాలామంది చదివే ఉంటారు. ఆ కథలన్నిటికీ ఆధారమైన సన్నివేశం ఏమిటి? మణిసిద్ధుడనే యతి కాశీకి పోదలచుకున్నాడు. ఒంటరిగా పోవడం కష్టం, తోడు కావాలి. ఒక గొల్లపిల్లవాడు వస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టినాడు. దారిలో తనకు వింతగా కనిపించినదాన్ని గురించి మజిలీలో అడుగుతాడు. దాని కథ ఆయన చెప్పాలి. చెప్పలేకపోతే తాను వెనక్కు తిరిగి ఇంటికి పోతాడు. ఆ ఒప్పందం మీద అంత పెద్ద కథాసముద్రం నడిచింది.

ఇంగ్లీషు కవి చాసర్ 14వ శతాబ్దంలో రాసిన కాంటర్‌బరీ కథలలోనూ యాత్రికులు దారి విసుగు తెలియకుండా తలా కొన్ని కథలు చెప్పుకొనే ఏర్పాటు చేసుకున్నారు. అయితే వారంతా పెద్దవారు. ఎవరికి తోచిన కథ వారు చెప్పినారు. మన మణిసిద్ధునికి ఆ స్వేచ్ఛ లేదు. కథను ఎన్నుకునేది పిల్లవాడు. వాడి కంటికి ఏది వింతగా తోచిందో అదే ఆనాటి కథకు మొదలు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, కుటుంబంతో దూరప్రయాణం చేసేవారికి దీనిలోనే కీలకం ఉన్నది. నేను దానిని పుస్తకంలో చదివి గ్రహించలేదు. తప్పు చేసి నేర్చుకున్నాను.

రెండేళ్ళ కిందట కార్తిక అమావాస్యకు కారెంపూడి వీరుల తిరునాళ్ళు చూచి, అటునుంచి గురజాల, మాచర్లల మీదుగా ఎత్తిపోతల వరకు పోయి రావాలని మా ఇంట్లో సంకల్పించినాము. నేనూ, నా భార్య, పద్నాలుగేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి, మా అమ్మగారు. వీలైనంతవరకు పాత బండిదారులనే పట్టాలని, రాత్రులు మిత్రుల పొలాలలో గుడారం వేసుకోవాలని నిశ్చయం. అమ్మను తీసుకుపోవడానికి నేను మొదట సందేహించినాను. నీటికాసుల వ్యాధి వల్ల ఆమెకు చూపు చాలావరకు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, ముఖాలు తెలియవు. చూపుతోపాటు మాట కూడా తగ్గిపోయింది. ఇంట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని, అడిగినదానికి అవునని, కాదని జవాబు చెప్పి ఊరుకునేది. "చూడలేనిదాన్ని, నాకెందుకురా తిరునాళ్ళు?" అన్నది. నా భార్య ఒప్పుకోలేదు. "చూడడానికి కాదు అత్తయ్యా, మాతో ఉండడానికి" అన్నది.

నా వృత్తి రేడియో. గంటలను, నిమిషాలను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఏదో ఒకదానితో నింపడం మా పని. ఆ అలవాటు చొప్పున నేను ఈ ప్రయాణానికి కూడా ఒక కార్యక్రమపత్రం తయారుచేసినాను. ఏడుగంటల నుంచి ఏడున్నర వరకు పల్నాటి చరిత్ర. ఏడున్నర నుంచి ఎనిమిది వరకు పద్యాల పోటీ. ఆపైన భూగోళం మీద ప్రశ్నలు. తరువాత ముందే నింపి తెచ్చిన నాటకాలు, పాటలు. ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు. ఇంత చేసిన తండ్రిని పిల్లలు మెచ్చుకోవాలి గదా!

తొమ్మిది గంటలకు అబ్బాయి నిద్రపోయినాడు. అమ్మాయి కిటికీవైపు తిరిగి కూర్చున్నది. "వింటున్నావా?" అని అడిగితే, "నాన్నా, మీరు ప్రసారం చేస్తున్నారు. కట్టేసుకుందామంటే మాకు మీట లేదు" అన్నది. నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కొంత నొచ్చుకొని, పత్రం మడిచి జేబులో పెట్టుకొని ఊరుకున్నాను.

ఆ నిశ్శబ్దంలో అమ్మ అడిగింది: "ఎక్కడున్నాంరా?" నేను ఏదో ఊరి పేరు చెప్పినాను. ఆమె తల ఊపింది. ఆ పేరు ఆమెకు ఏమి చూపగలదు? అప్పుడే మేలుకొన్న అబ్బాయి, నేను పేరు మాత్రమే చెప్పడం చాలలేదని గ్రహించినాడో ఏమో, "నాయనమ్మా, ఎడమపక్క పత్తిచేను. తెల్లగా విచ్చుకుంది. ఆరుగురు ఏరుతున్నారు. ఒకామె తలమీద చున్నీ కట్టుకుంది. మనవైపు చూస్తోంది" అన్నాడు. అమ్మ వెంటనే, "ఎర్రనేలా, నల్లనేలా?" అన్నది. "నల్లనేల." "కుడిపక్క?" "కుడిపక్క మిరప. ఇంకా కాయ పండలేదు." అమ్మ కొంచెం ముందుకు జరిగి కూర్చున్నది. "మా రోజుల్లో ఇదంతా జొన్న. మనిషి మునిగేటంత ఎత్తు. బండిలోనుంచి చెయ్యి చాస్తే కంకి అందేది" అన్నది.

ఆ ఒక్క సంభాషణతో మా ప్రయాణం స్వరూపం మారిపోయింది. పిల్లలిద్దరూ వంతులు వేసుకున్నారు. ఒక వాగు నుంచి ఇంకొక ఊరిదాకా ఒకరు, అక్కడినుంచి రెండవవారు నాయనమ్మకు దారి చెప్పాలి. నాకు తెలిసిన విద్య ఒకటి ఇక్కడ పనికివచ్చింది. మైదానంలో ఆట జరుగుతుంటే కళ్ళతో చూడలేని శ్రోతకు దానిని చెప్పేవాడు పాటించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. 'అందంగా ఉన్నది' అనకూడదు, ఏమున్నదో చెప్పాలి. ఎడమో కుడో, దగ్గరో దూరమో చెప్పాలి. కదులుతున్నదా, నిలిచి ఉన్నదా చెప్పాలి. రంగు చెప్పాలి. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పకూడదు. ఈ అయిదూ వారికి నేర్పినాను. ఒక గంటలో నాకంటే బాగా చెప్పసాగినారు. కంపచెట్లమీద వాలిన పిట్టలను లెక్కపెట్టినారు. నాపరాళ్ళ గనుల పక్కగా పోతున్నప్పుడు, రాతిని పొరలు పొరలుగా తీసి, అంచులు కోసి, నిలువునా పేర్చిన తీరు అమ్మాయి ఎంత చక్కగా చెప్పిందంటే, ఆ దారిన ఎన్నోసార్లు పోయిన నేను కూడా దాన్ని అప్పుడే చూచినట్లయింది.

ఇందులో శరీరధర్మానికి సంబంధించిన లాభం కూడా ఒకటి ఉన్నది. గతుకుల దారిలో పుస్తకంమీదగాని, ఫోనుమీదగాని చూపు నిలిపితే పిల్లలకు కడుపులో తిప్పుతుంది. లోపలి చెవి శరీరం కదులుతున్నదని చెబుతుంది. కన్ను మాత్రం ఎదుట ఉన్న వస్తువు కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాల వైరుధ్యమే ఆ వికారానికి కారణం. చూపు దూరాన నిలిపితే సాక్ష్యాలు కలిసిపోతాయి. కాబట్టి కదిలే బండిలో బయటికి చూచే ఆటలే మేలు. బండి నిలిచిన తరువాతనే పలకలు, గవ్వలు, గింజలు బయటికి తీయాలి.

మధ్యాహ్నం ఒక విచిత్రం జరిగింది. అమ్మ, "ఈపాటికి నాలుగు పెద్ద చింతచెట్లు రావాలి. వాటికిందనే మా బండ్లు విప్పేవాళ్ళు. బావి కూడా ఉండేది. చూడండర్రా" అన్నది. అబ్బాయి వంతు. వాడు చూచినాడు. చింతచెట్లు లేవు, పెట్రోలు అమ్మే స్థలం ఉన్నది. వాడు నా ముఖం వైపు చూచినాడు. చెట్లున్నాయని చెప్పితే ముసలామె సంతోషిస్తుంది. ఆమె ఎట్లాగూ చూడలేదు. నేను ఏమీ అనలేదు. ఏమనాలో నాకు నిజంగా తోచలేదు. వాడు కొంచెంసేపు ఊరుకొని, "చింతచెట్లు లేవు నాయనమ్మా. పెట్రోలు బంకుంది. దాని పక్కన చిన్న వేపచెట్టొకటి ఉంది" అన్నాడు. బండిలో ఎవ్వరూ మాట్లాడలేదు. అమ్మ ఆలోచించి, "అక్కడ నీళ్ళుంటాయా?" అన్నది. "ఉంటాయి." "అయితే ఆపండి. బండ్లు ఆగేచోటు ఎప్పుడూ బండ్లు ఆగేచోటే" అన్నది. ఆ వేపచెట్టు నీడలోనే జొన్నరొట్టెలు, గోంగూరపచ్చడి, దద్దోజనం తిన్నాము. వాడు నిజం చెప్పినందువల్లనే ఆ తరువాత మూడురోజులూ ఆమె వాడి మాటమీద ఆధారపడగలిగిందని నాకు తరువాత తోచింది.

అమ్మను అడిగి, పూర్వపు బండిప్రయాణాల పద్ధతి ఏమిటో అప్పుడే తెలుసుకున్నాము. పిల్లలను రోజంతా వినోదపరచాలని ఆ రోజులలో ఎవ్వరూ అనుకోలేదట. పనులు ఇచ్చేవారు. మిట్ట వస్తే బరువు తగ్గించడానికి అందరూ దిగి నడవాలి. బండి వెనక పిల్లలు చెయ్యి వేసి తోయాలి. ఆ తోపుతోనే బండి మిట్ట ఎక్కినట్లు పెద్దవారు మెచ్చుకోవాలి. మజిలీలో ఒకడు పుల్లలు ఏరాలి, ఒకడు ఎద్దులను నీళ్ళకు తోలుకుపోవాలి, ఒకతె చంటిబిడ్డను ఆడించాలి. తెల్లవారుజామున నడక, మధ్యాహ్నం నిద్ర, సాయంకాలం ఆట, రాత్రి కథ. ఒకటి విసుగనిపించేలోపల మరొకటి వచ్చేది. మధ్యలో ఏమీ లేని వేళలు కూడా ఉండేవి. మువ్వల చప్పుడు వింటూ ఊరికే పడుకొని ఉండడం కూడా ప్రయాణంలో భాగమే. నా కార్యక్రమపత్రంలో లోపం ఇదే: పిల్లలకు పని లేదు, ప్రశ్న లేదు, ఖాళీ లేదు.

కారెంపూడిలో తిరునాళ్ళు అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజులకు పేర్లు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నాగులేటి ఒడ్డున పడిపోయిన వీరులను తలచుకునే పండుగ ఇది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించి లోకానికి అందించినారు. అంతకంటె విపులమైన కథ వీరవిద్యావంతుల నోట తరతరాలుగా నడుస్తున్నది. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను జీన్ రోగేర్ అనే అమెరికన్ పండితుడు సేకరించి, ఇంగ్లీషులోనికి అనువదించి 1982లో ప్రకటించినాడు. రాత్రులు సాగే గానాన్ని పసిపిల్లలు మొదలుకొని ముసలివారివరకు కూర్చొని వింటారంటే, కుటుంబమంతటికీ ఒకేచోట సరిపోయే వినోదం మనవారికి కొత్త కాదని తెలుస్తుంది.

ఆ రాత్రి ఒక మిత్రుని పొలంలో గుడారం వేసినాము. చాప పరిచి, అందరమూ ఒకే చాపమీద కూర్చొని తిన్నాము. బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒక పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడు సంగతి అట్లా ప్రస్తావనకు వచ్చింది. ఇప్పుడు నేను జాగ్రత్తపడినాను. కథంతా ఏకరువు పెట్టలేదు. ప్రశ్న వస్తేనే జవాబు. అబ్బాయికి కోళ్ళ పోరు కావాలి. బ్రహ్మనాయుని చిట్టిమల్లు, నాగమ్మ శివంగిడేగ, ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలనే పందెం, ఇవి చెప్పినాను. అమ్మాయి మరొకటి అడిగింది: "నాగమ్మ ఆడది కాకపోతే మంత్రాంగం అని మెచ్చుకునేవారు గదా, ఆడది కాబట్టి కుట్ర అన్నారా?" నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. సభ తీర్చినాము. అమ్మాయి నాగమ్మ పక్షం, నా భార్య బ్రహ్మనాయుని పక్షం, అబ్బాయి రెండు కోళ్ళ పక్షం, అమ్మ న్యాయాధిపతి. వాదన పదిన్నర వరకు నడిచింది. "ఇద్దరూ తమ రాజుల కోసమే పాటుపడినారు. చచ్చింది మాత్రం పిల్లలు" అని అమ్మ తీర్పు చెప్పింది. బాలచంద్రుని వయస్సు తలచుకొని కాబోలు, ఆ మాట తరువాత ఎవ్వరూ వాదించలేదు.

అమావాస్య కావడంచేత చుక్కలు విరగబూసినట్లున్నాయి. అమ్మకు అవి కనపడవు గాని, ఎక్కడ ఏది ఉండాలో తెలుసు. "తూర్పున బాగా పైకి చూడండి, పిల్లలకోడి ఉంటుంది. చిన్న చిన్న చుక్కల గుంపు" అన్నది. కృత్తికలకు మన పల్లెల పేరు అది. వాటిపేరనే కార్తికమాసం ఏర్పడింది. దానివెనక గొల్లకావడి ఎక్కివస్తున్నది. ఉత్తరాన ధ్రువుణ్ణి చూపించి, ఒక లెక్క చెప్పినాను. మనం భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల ఉత్తరాన ఉంటే, ధ్రువుడు దిక్చక్రంనుంచి దాదాపు అన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పల్నాటిలో ధ్రువుని ఎత్తు పిడికిలిన్నర చిల్లర, అంటే 16 డిగ్రీలకు పైన. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చినారు. చెన్నపట్నంలో 13 డిగ్రీల ఎత్తున ఉన్న ధ్రువుడు కాశీ చేరేసరికి 25 డిగ్రీలకు, అంటే రెండున్నర పిడికిళ్ళకు ఎక్కి ఉంటాడు. "అంటే ఆయన ఎంత దూరం పోయినాడో ఆకాశంలోనే కొలుచుకోవచ్చునా?" అని అబ్బాయి పిడికిలి ఎత్తి పట్టుకొని చాలాసేపు నిలబడినాడు. ఇంకెప్పుడు చేరుతామని అడిగే పిల్లవాడికి దూరమంటే ఏమిటో అప్పుడు అర్థమయిందని నా నమ్మకం.

మరునాడు మజిలీలో ఆటల వంతు. మనకు కొని తెచ్చుకోవలసినవి ఏమీ లేవు. నాపరాయిమీద బొగ్గుతో గీస్తే పులిజూదం సిద్ధం. మూడు పులులు, పదిహేను మేకలు, 23 స్థానాలు. పులి మేకమీదుగా ఖాళీ స్థానానికి దూకితే మేక చచ్చినట్లు. పులులు మూడూ కదలలేకుండా మేకలు చుట్టుముడితే మేకలు గెలిచినట్లు. బలం ఒకవైపు, సంఖ్య ఒకవైపు. ఈ ఆటలో చిన్నవాడు పెద్దవాణ్ణి ఓడించడానికి అవకాశం ఉన్నది. అందుకే ఇది కుటుంబానికి తగిన ఆట. అమ్మకోసం పులులుగా పెద్ద గులకరాళ్ళు, మేకలుగా చింతపిక్కలు పెట్టినాము. ఆమె వేళ్ళతో తడిమి ఎత్తులు వేసింది. వామనగుంటలు ఆమెకు ఇంకా సుళువు. నేలలో ఏడేసి గుంటలు రెండు వరుసలు తవ్వితే చాలు. గింజల లెక్క చేతికే తెలుస్తుంది. అబ్బాయి వరసగా మూడుసార్లు ఓడి, గింజలు విసిరికొట్టినాడు. అవికూడా జరుగుతాయి. గింజలన్నీ వాడిచేతనే ఏరించి, ఆ పూటకు ఆట చాలించినాము. ఓడినవాణ్ణి బుజ్జగించడానికి మరొక ఆట మొదలుపెట్టడం పొరపాటని నా అనుభవం. కొంతసేపు ఒంటరిగా వదిలితే వాడే వస్తాడు. వచ్చినాడు.

దారిలో పొడుపుకథలు కూడా వేసుకున్నాము. పాతవి అయిపోయినాక కొత్తవి కల్పించాలని నియమం. విషయం మాత్రం ఆనాడు కళ్ళతో చూచినదై ఉండాలి. "పొలంలో పుట్టింది గాని పండలేదు, ఇంట్లోకి వచ్చి పడుకుంది గాని నిద్రపోలేదు" అని అమ్మాయి అడిగింది. నాపరాయి. "కాళ్ళు లేకుండా కొండకు నడిచింది, నోరు లేకుండా ఊళ్ళన్నిటినీ పిలిచింది" అని అమ్మ అడిగింది. ఎవ్వరికీ తెలియలేదు. చివరకు ఆమే చెప్పింది: కోటప్పకొండ ప్రభ. డెబ్బయి, ఎనభై అడుగుల ప్రభలు మైళ్ళ దూరంనుంచి కనిపిస్తూ, తిరునాళ్ళు వచ్చినదని చాటేవి గదా! ఆ ప్రభల వెనకనే తమ బండి నడిచిన సంగతులు చెప్పడం మొదలుపెట్టి, ఆమె గురజాలనుంచి మాచర్లవరకు ఆపలేదు. రెండేళ్ళుగా ఆమె అంత మాట్లాడగా నేను వినలేదు. ఆ కథల్లో సగం నాకే కొత్త. నేను ఆమె కొడుకును. వృత్తిరీత్యా ఎందరినో మాట్లాడించినవాణ్ణి. ఇంట్లో ఉన్న ఈ మనిషిని అడగలేదు.

ఇటువంటి ప్రయాణానికి పూనుకునేవారికి కొన్ని హెచ్చరికలు చెప్పడం నా విధి. మాచర్ల దాటిన తరువాత నల్లమల అడవి మొదలవుతుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అడవులు 1983 నుంచి పులుల రక్షిత ప్రాంతం. అటవీశాఖవారి అనుమతి లేకుండా లోపలికి పోవడం, గుడారం వేయడం, నిప్పు చేయడం చట్టవిరుద్ధమూ, ప్రమాదకరమూ కూడా. ఎత్తిపోతల మడుగులో మొసళ్ళు ఉన్నాయి; నీటిలోనికి దిగరాదు. సాగరు ఆనకట్టకు దిగువన నీరు విడిచినపుడు కృష్ణ హఠాత్తుగా పొంగవచ్చు. ఇసుకతిన్నెల మీద రాత్రి మజిలీ పనికిరాదు. గుడారం ఊరికి దగ్గరగా, తెలిసినవారి పొలంలో, అడిగి వేసుకోవడం ఉత్తమం. చెప్పులు దులిపి తొడుక్కోవాలి. చీకటిలో దీపం లేకుండా అడుగు వేయకూడదు. పిల్లలకు ఈ నియమాలు చెప్పడం కూడా కాలక్షేపమే. రాత్రి దీపాల కాపలా మా అబ్బాయికి అప్పగిస్తే వాడు సైనికునివలె నిర్వహించినాడు.

మూడవనాడు ఎత్తిపోతల చేరినాము. చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తునుంచి పడే చోటు. హోరు దూరానికే వినబడుతున్నది. అమ్మను చేయిపట్టి చప్టా దగ్గరకు తీసుకువచ్చినాము. నేను ఏదో చెప్పబోయినాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకొని ఆపింది. అబ్బాయి వంతు అది. వాడు చాలాసేపు చూచి మొదలుపెట్టినాడు: "నాయనమ్మా, నీళ్ళు ఒకచోట నుంచి పడడం లేదు. విడివిడిగా పాయలు. మధ్యపాయ లావు. ఎడమవైపుది సన్నం. పైన తెల్లగా ఉన్నాయి, కింద ఆకుపచ్చ. మధ్యలో ఒక రాయి అడ్డం వచ్చి నీళ్ళు ఎగురుతున్నాయి." కొంచెం ఆగి, "ఇంకా ఉంది గాని నాకు చెప్పడం రావడం లేదు" అన్నాడు. అమ్మ వాడి భుజంమీద చెయ్యివేసి, "చాలు. మిగిలింది వినబడుతూనే ఉంది" అన్నది.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత మా కుటుంబమంతా మారిపోయిందని నేను చెప్పను. ఫోనులు ఫోనులే, బడి బడే. అయితే సాయంకాలం పూట అమ్మ కుర్చీ ఇప్పుడు లోపలి మూలన లేదు. వీధి అరుగుమీద ఉన్నది. పిల్లలలో ఎవరో ఒకరు పది నిమిషాలు పక్కన కూర్చొని వీధి చెబుతారు. ఎవరు వచ్చినారు, ఏ బండి పోయింది, ఎదురింటివారి గుమ్మానికి ఏ రంగు వేస్తున్నారు. ఆమె తిరిగి ఏదో అడుగుతుంది. ఒక్కొక్కనాడు పదినిమిషాలు గంట అవుతుంది.

మీరు ప్రయాణానికి సామాను సర్దేటప్పుడు చింతపిక్కలు గుప్పెడు, బొగ్గుముక్క ఒకటి, లాంతరు ఒకటి మరవకండి. బండిలో చోటు చాలదని ఇంట్లోని ముసలివారిని విడిచి పోకండి. దారి పొడుగునా చెప్పదగినది వారివద్ద ఉన్నది. అడగవలసినది పిల్లలు. మనం మధ్యలో కూర్చొని బండి నడిపితే చాలు.